చెవికి తగిన యంత్రము: పరీక్షించి అమర్చినదా, అంగడిలో కొన్నదా?

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు నైరుతి దిక్కున ఉన్న బహదూర్‌పురా నిత్యము రద్దీగా ఉండు ప్రదేశము. ఒకవైపు 1963 లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల, మరొకవైపు పురానాపూల్ నుండి ఆరాంఘర్ దిశగా సాగు రహదారి. ఆటోలు, బస్సులు, లారీల హారనులు ఉదయము మొదలు రాత్రివరకు మ్రోగుచునే యుండును. ఇట్టిచోట కాపురముండు అరువదియైదేండ్ల పెద్దమనిషి ఇంటివారితో ఇట్లనుచున్నాడని అనుకొందము: “మాట్లాడుతున్నట్టు వినబడుతుందిరా, గని ఏమంటున్నరో తెలుస్తలేదు.”

ఈ మాట వినగానే ఇంటిలో రెండు సలహాలు బయలుదేరును. “అంగట్లో చెవి మిషను దొరుకుతది బాపూ, ఒకటి తెస్త” అని కొడుకు అనును. “ముందుగాల కోఠీ దవాఖానల చూపించుకోండి మామయ్యా” అని కోడలు అనును. ఇద్దరును మేలు కోరినవారే. అయితే ఎవరి సలహా సరియైనది? దీనికి సమాధానము చెప్పుటకు ముందు, ఆ పెద్దమనిషి ఫిర్యాదులోనే ఉన్న ఒక చిత్రమును గమనింపవలెను. శబ్దము వినబడుచున్నదట, మాట మాత్రము తెలియుటలేదట. చెవుడు అనగా శబ్దము తగ్గుట మాత్రమే అయినచో ఇట్లు జరుగరాదు గదా!

చెవిలో జరుగు పని

మన చెవిలో మూడు భాగములు కలవు. వెలుపలి చెవి శబ్దతరంగములను కర్ణభేరి వద్దకు చేర్చును. మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకలు కర్ణభేరి కదలికలను లోపలికి అందించును. లోపలి చెవిలో నత్తగుల్లవలె రెండున్నర చుట్లు చుట్టుకొనియున్న కర్ణావర్తము ఉన్నది. దానిని విప్పి చాచినచో పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు మాత్రమే. దానిలో లోపలి వరుసయందు దాదాపు 3,500, వెలుపలి వరుసలయందు దాదాపు 12,000 రోమకణములు ఉండును. శబ్దపు కదలికను నాడీ సంకేతముగా మార్చి మెదడునకు పంపునవి లోపలి వరుస కణములు. మెల్లని ధ్వనులను పెంచి వాటికి తోడ్పడునవి వెలుపలి వరుసలవి. మానవునిలో ఇవి ఒకసారి నశించినచో మరల మొలవవు.

ఈ కర్ణావర్తము హార్మోనియము మెట్లవలె ఏర్పడియున్నది. మొదటి భాగము కీచుధ్వనులకు, చివరి భాగము బొంగురుధ్వనులకు స్పందించును. బుడాపెస్టులో టెలిఫోను శాఖయందు ఇంజనీరుగా పనిచేసిన జార్జ్ ఫాన్ బెకెషీ అను శాస్త్రజ్ఞుడు ఈ తరంగగమనమును కనుగొని, 1961 లో నోబెల్ బహుమానమును పొందెను. శబ్దములన్నియు మొదటి భాగము మీదుగానే లోపలికి పోవలెను. వయస్సు మీరినప్పుడును, ఏండ్లకొలది పెద్దచప్పుళ్ళ నడుమ పనిచేసినప్పుడును సాధారణముగా మొట్టమొదట దెబ్బతినునది ఈ కీచుధ్వనుల భాగమే. కావున చెవుడు అన్ని ధ్వనులకు సమానముగా రాదు. హార్మోనియములో కుడివైపు మెట్లు మాత్రము పలుకకపోయినట్లుండును.

మాట ఎందుకు తెలియదు?

తెలుగు మాటలలో అచ్చులు బలమైనవి. వాటి శక్తి ఎక్కువగా తక్కువ పౌనఃపున్యములలో, అనగా సెకనుకు 1,000 కంపనముల లోపున ఉండును. స, శ వంటి ఊష్మములును, క, త, ప వంటి పరుషములను ఒకదానినుండి మరొకటి వేరుచేయు గుర్తులును హెచ్చు పౌనఃపున్యములలో ఉండును. పైగా అవి మిక్కిలి బలహీనమైనవి. “కల”, “తల” అను రెండు మాటలలో చివరి అక్షరము ఒక్కటే, మొదటి అక్షరములోని అచ్చు ఒక్కటే. తేడా అంతయు మొదటి హల్లులో క్షణకాలము మెరసిపోవు ధ్వనిలో ఉన్నది. “పాలు”, “కాలు”, “తాలు” అనువానిలోను అంతే. కీచుధ్వనుల మెట్లు పలుకని చెవికి “ఆ-ఉ” అను అచ్చులు చేరును. ముందున్న హల్లు చేరదు. ఎవరో మాట్లాడుచున్నట్లు తెలియును. పాలు అడిగిరో, కాలు అనిరో తెలియదు. బహదూర్‌పురా వంటిచోట లారీ ఇంజను గురగుర శబ్దము, తక్కువ పౌనఃపున్యములలో నిండియుండి, మిగిలిన ఆధారమును కూడ కప్పివేయును.

విద్యార్థులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒకరు వ్రేళ్ళతో రెండు చెవులను మూసికొని కొంతదూరములో నిలువవలెను. మరొకరు పుస్తకముతో పెదవులను కప్పుకొని, మామూలు గొంతుతో కల, తల, వల, శిల, పాలు, తాలు, కాలు, చాలు మొదలైన మాటలను వరుస తప్పించి పలుకవలెను. విన్నదానిని వ్రాసి సరిచూచినచో, తప్పులు ఎక్కువగా అచ్చులలో కాక హల్లులలోనే వచ్చుట కానవచ్చును. పెదవులు కనబడునట్లు మరల పలికినచో కొన్ని తప్పులు తగ్గును. చెవి తక్కువగా ఉన్నవారు మన ముఖమువైపు ఎందుకు చూతురో దీనివలన బోధపడును.

శ్రవణరేఖ

వినికిడిని కొలుచు ప్రమాణము డెసిబెల్. మెల్లని గుసగుస సుమారు 30 డెసిబెళ్ళు, ఎదుట కూర్చుండి మాట్లాడు మాట సుమారు 60 డెసిబెళ్ళు. ఈ కొలతలో 10 పెరిగినచో శబ్దతీవ్రత పదిరెట్లగును. 20 పెరిగినచో నూరురెట్లగును. ఆడియాలజిస్టు అనబడు శ్రవణ నిపుణుడు నిశ్శబ్దమైన గదిలో ఒక్కొక్క పౌనఃపున్యమువద్ద వినబడగల మిక్కిలి మెల్లని ధ్వనిని కనుగొని గీసిన రేఖయే శ్రవణరేఖ.

మన పెద్దమనిషి రేఖ ఇట్లున్నదని ఊహింతము: 250 హెర్ట్జులవద్ద లోపము 20 డెసిబెళ్ళు, 500 వద్ద 25, 1,000 వద్ద 35, 2,000 వద్ద 50, 4,000 వద్ద 60. చివరి నాలుగు సంఖ్యల సగటు 42.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లో ప్రకటించిన విభజన ప్రకారము, బాగుగా వినబడు చెవిలో ఈ సగటు 20 నుండి 35 లోపున ఉన్నచో స్వల్పలోపము, 35 నుండి 50 లోపున ఉన్నచో మధ్యమలోపము. అంతకు మించినవి వరుసగా అధికమైన తరగతులలోనికి పోవును. కావున వీరిది మధ్యమలోపము.

లోపమెంతో అంత పెంచినచో సరిపోవునని తోచవచ్చును. అది సరికాదు. లోపములో సుమారు సగము పెంపు హితముగా ఉండునని 1940 లనాడే శామ్యూల్ లైబర్గర్ అను అమెరికా ఇంజనీరు గమనించెను. ఆ మోటు లెక్క ప్రకారము వీరికి 250 వద్ద 10, 500 వద్ద 12, 1,000 వద్ద 17, 2,000 వద్ద 25, 4,000 వద్ద 30 డెసిబెళ్ళ పెంపు కావలెను. ఇప్పుడు అన్నిచోట్ల ఒకే రీతిగా 25 డెసిబెళ్ళు పెంచు సాధారణ వర్ధకమును పెట్టితిమనుకొనుడు. 4,000 వద్ద 5 డెసిబెళ్ళు తక్కువపడును. 250 వద్ద 15 డెసిబెళ్ళు ఎక్కువగును. అనగా లారీ గురగుర అవసరమునకు మించి పెరిగినది, “స” కారము ఇంకను చాలలేదు. “మిషను పెట్టుకొంటే చప్పుడే గాని మాట లేదు” అని దానిని తీసి డబ్బాలో పెట్టుట ఇందువలననే.

మరియొక చిక్కు కలదు. రోమకణములు దెబ్బతినిన చెవికి మెల్లని శబ్దము వినబడదు. కాని పెద్దశబ్దము మామూలు చెవికివలెనే బాధ కలిగించును. వినికిడికి, బాధకు మధ్యనున్న స్థలము ఇరుకైపోవును. 45 డెసిబెళ్ళ మెల్లని మాటకు 30 కలిపినచో 75 అయి హాయిగా వినబడును. 90 డెసిబెళ్ళ హారనుకు అదే 30 కలిపినచో 120 అయి చెవి అదరిపోవును. అందుచేత మంచి యంత్రము మెల్లని ధ్వనిని ఎక్కువగాను, మధ్యమ ధ్వనిని కొంచెముగాను పెంచి, పెద్దధ్వనిని దాదాపు పెంచక వదలవలెను.

యంత్రము చేయు పని

వినికిడి యంత్రములో ముఖ్యభాగములు మూడు: శబ్దమును విద్యుత్తుగా మార్చు మైక్రోఫోను, దానిని పెంచు వర్ధకము, మరల శబ్దముగా మార్చు చిన్న స్పీకరు. 1947 లో ట్రాన్సిస్టరు పుట్టిన ఐదేండ్లకే, 1952 చివరలో, అది వినికిడి యంత్రములో చోటు సంపాదించెను. జేబులో మోయు బరువైన బ్యాటరీలు దానితో తగ్గినవి. 1996 నుండి పూర్తిగా అంకెల లెక్కతో పనిచేయు యంత్రములు వచ్చినవి. వీనిలోని చిన్న గణనయంత్రము శబ్దమును అనేక పట్టీలుగా విడదీసి, ఒక్కొక్క పట్టీని వేరువేరుగా పెంచును. కాబట్టి నేడు యంత్రమునకు సామర్థ్యము లేకపోలేదు. ఏ పట్టీని ఎంత పెంచవలెనో దానికి ఎవరు చెప్పవలెను అనునదే ప్రశ్న.

పరీక్షించి అమర్చు పద్ధతిలో ఆ పని నిపుణుడు చేయును. శ్రవణరేఖను తీసికొని, ఆస్ట్రేలియాలోని జాతీయ ధ్వనిశాస్త్ర ప్రయోగశాలలవారు రూపొందించినటువంటి సూత్రముతో పెంపును నిర్ణయించును. తరువాత సన్నని గొట్టమును కర్ణభేరి సమీపమునకు చేర్చి, యంత్రము నిజముగా ఎంత ధ్వనిని అందించుచున్నదో కొలుచును. చెవిరంధ్రపు పరిమాణము మనిషికొకరీతిగా ఉండును గనుక ఈ కొలత అవసరము. పిమ్మట మాటలతో పరీక్షించును. ఇది వినువాని స్వభాషలో జరుగవలెను. బహదూర్‌పురాలో ఒక ఇంట తెలుగు, ప్రక్క ఇంట ఉర్దూ. “తల”, “కల” తేడా తెలిసినదా అని తెలుగువానిని తెలుగులోనే అడుగవలెను.

చీటీ లేక కొను యంత్రములు

ఇదంతయు ఖర్చుతోను, శ్రమతోను కూడిన పని. అందుచేత అమెరికాలో 2017 లో ఒక చట్టము చేసి, దాని ననుసరించి 2022 అక్టోబరు 17 నుండి వైద్యుని చీటీ గాని నిపుణుని పరీక్ష గాని లేకుండ అంగడిలో కొనదగిన యంత్రములను ప్రత్యేక తరగతిగా ఏర్పరచిరి. 18 ఏండ్లు నిండి, తమకు స్వల్ప లేక మధ్యమలోపము ఉన్నదని తోచినవారికి మాత్రమే ఇవి ఉద్దేశింపబడినవి. ధ్వని 111 డెసిబెళ్ళకు మించరాదు. పెద్దశబ్దమును తానే అణచు ఏర్పాటు ఉన్నచో 117 వరకు ఉండవచ్చును. చెవిలో పెట్టు కొస కర్ణభేరికి 10 మిల్లీమీటర్లకంటె దగ్గరగా పోరాదు. ధ్వని తగ్గించుకొను వీలు వాడువానికి ఉండవలెను. వీనిలో కొన్ని ఫోనుద్వారా శబ్దములు వినిపించి, వాడువానిచేతనే పరీక్ష చేయించి తమ్ముతాము సరిదిద్దుకొనును. తక్కినవానిలో ముందే నిర్ణయించిన మూడు నాలుగు అమరికలు ఉండి, నచ్చినదానిని ఎన్నుకొనవలెను.

ఇవి పనిచేయునా? అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయములో 55 నుండి 79 ఏండ్ల వయస్సుగల 154 మందిపై చేసిన పరిశోధన 2017 లో ప్రకటింపబడినది. అందరికిని ఒకే రకపు మంచి యంత్రము ఇచ్చిరి. మొదటి గుంపునకు నిపుణులు కొలిచి అమర్చిరి. రెండవ గుంపువారు ముందే సిద్ధపరచిన అమరికలలో తమకు తోచినదానిని ఎన్నుకొనిరి. మూడవ గుంపువారికి పెంపు లేని యంత్రమును, ఆ సంగతి తెలియనీయక ఇచ్చిరి. మొదటి రెండు గుంపులవారికిని మేలు కలిగినది. అయినను పరీక్ష ముగిసిన పిమ్మట యంత్రమును కొని ఉంచుకొందుమనినవారు మొదటి గుంపులో నూటికి 81, రెండవ గుంపులో 55, మూడవ గుంపులో 36. యంత్రమొక్కటే అయినను తేడా వచ్చినది. కొలత, బోధన, తోడ్పాటు వీనికిగల విలువ ఈ అంకెలలో కనబడుచున్నది. అట్లే స్వల్ప మధ్యమలోపములవారికి నాణ్యతగల సిద్ధయంత్రము నిరుపయోగము కాదనియు తెలియుచున్నది.

అయితే పై నియమములు అమెరికాలో అమ్ము సరుకునకే వర్తించును. మన దేశమున 2017 నాటి వైద్యపరికరముల నియమములు 2020 ఏప్రిల్ నుండి అన్ని వైద్యపరికరములకు క్రమముగా విస్తరింపబడినవి. వినికిడి యంత్రములును వానిలో చేరినవే. కాని “చెవి మిషను” అను పేరుతో చౌకగా అమ్ము ప్రతి డబ్బాలోను అట్టి యంత్రమే ఉన్నదని తలపరాదు. వానిలో అనేకము అన్ని ధ్వనులను ఒకేరీతిగా పెంచు వర్ధకములు మాత్రమే. గరిష్ఠధ్వని ఎంత, పెద్దశబ్దమును అణచునా, ఎన్ని పట్టీలు, మరమ్మతు ఎవరు చేయుదురు, నచ్చనిచో తిరిగి తీసికొందురా అను ప్రశ్నలకు డబ్బామీదగాని, అమ్మువానివద్దగాని జవాబు లేనిచో దానిని కొనకుండుటయే మంచిది.

కంటి అద్దములతో పోలిక

చదువుటకు తెచ్చుకొను సిద్ధపు కళ్ళజోడుతో ఈ యంత్రమును పోల్చుట పరిపాటి. పోలిక కొంతవరకు సరియైనదే. కాని కళ్ళజోడు పెట్టగానే అక్షరము స్పష్టమగును. వినికిడి యంత్రము నశించిన రోమకణములను తిరిగి తీసికొని రాలేదు. చాలకాలము వినని ధ్వనులకు మెదడు మరల అలవాటు పడుటకు కొన్ని వారములు పట్టును. ఆ కాలములో “ఇది గోలగా ఉన్నది” అనిన ముసలివారిని మందలింపక, అమరిక మార్పించుటకు తీసికొనిపోవలెను. నిపుణుడు అమర్చిన యంత్రమైనను మరల పోయి సరిదిద్దించుకొననిచో డబ్బాలోనే పడియుండును.

ఎవరు తప్పక ముందు వైద్యుని చూడవలెను?

చెవినుండి చీము, నెత్తురు, నీరు కారుచున్నవారు. నొప్పి లేక తలతిరుగుడు ఉన్నవారు. ఒక చెవిలోనే లోపముగాని, హోరుగాని ఉన్నవారు. ఈ ఆరునెలలలో వినికిడి త్వరగా తగ్గినవారు ఏ యంత్రమును కొనకముందే వైద్యుని చూడవలెను. గులిమి గట్టిపడుట, కర్ణభేరికి రంధ్రము పడుట, మధ్యచెవిలో చీము పట్టుట చికిత్సకు లొంగునవి. వీనిమీద యంత్రము పెట్టుకొనుట రోగమును కప్పిపుచ్చుకొనుటయే. ఒక రాత్రిలో, లేక రెండు మూడు దినములలో చెవి హఠాత్తుగా వినబడకపోయినచో అది అత్యవసరము. చికిత్స దినములలో మొదలుపెట్టిననే ఫలము హెచ్చు.

బహదూర్‌పురావారు మూసీనది దాటినచో కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని చేరవచ్చును. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన హైదరాబాదు వాస్తవ్యులు అలీ యావర్ జంగ్ పేర 1983 లో బొంబాయిలో జాతీయ వాక్, శ్రవణ సంస్థ ఏర్పడినది. దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదులో ఉన్నది. 1981 నుండి కేంద్రప్రభుత్వము నడుపుచున్న వికలాంగుల సహాయ ఉపకరణముల పథకముక్రింద, ఆదాయ పరిమితికి లోబడినవారికి వినికిడి యంత్రములు లభించును. “డాక్టరు దగ్గరకు పోయినచో వేలకువేలు” అని భయపడి చౌక డబ్బాను కొనువారు ఈ సంగతులను మొదట విచారింపవలెను.

బడిపిల్లల విషయము

పిల్లలకు అంగడి యంత్రము ఎన్నడును తగదు. పసివాని చెవిరంధ్రము చిన్నది. అదే యంత్రము అందులో పెద్దవానికంటె బిగ్గరగా మ్రోగును. పైగా పెద్దవాడు ఎరిగిన భాషను వినుటకు యంత్రము పెట్టుకొనును. పిల్లవాడు భాషను నేర్చుకొనుటకు పెట్టుకొనును. వానికి అందని హల్లు, వాని వ్రాతలోను, పలుకులోను లోపమై నిలుచును. ఉక్తలేఖనములో “తల”కు “కల” అని మాటిమాటికి వ్రాయు పిల్లవానిని, పిలిచినప్పుడు పలుకక ప్రక్కవాని ముఖము చూచు బాలికను మందబుద్ధులని నిర్ణయింపకముందు, వారి చెవులను పరీక్షింపించుట ఉపాధ్యాయుని ధర్మము. 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమముక్రింద ప్రభుత్వ పాఠశాలలకు వచ్చు ఆరోగ్య బృందములు పరిశీలించు విషయములలో వినికిడిలోపము ఒకటి. అట్టి పిల్లల పేర్లను ఆ బృందమునకు తప్పక తెలుపవలెను.

యంత్రము వచ్చిన తరువాతను ఉపాధ్యాయుని పని తీరదు. బహిరంగస్థలమున దూరము రెట్టింపయిన కొలది ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గును. తరగతి గదిలోను దూరము పెరిగిన కొద్ది మాట తగ్గి గోల మిగులును. కావున ఆ బిడ్డను ముందువరుసలో, వీధివైపు కిటికీకి దూరముగా కూర్చుండబెట్టవలెను. నల్లబల్లవైపు తిరిగి మాట్లాడక, ముఖము వెలుతురులో ఉండునట్లు నిలిచి చెప్పవలెను.

ఇప్పుడు మన ఇంటివారి వాదమును తీర్చవచ్చును. పెద్దమనిషికి ముందుగా చెవి పరీక్ష కావలెను. కోడలు చెప్పినది సరియే. పరీక్షలో రోగమేమియు లేదని, లోపము స్వల్పమో మధ్యమమో అని, రెండు చెవులలోను సమానమని తేలినచో, గరిష్ఠధ్వనిని, పట్టీలను స్పష్టముగా తెలిపి, తిరిగి ఇచ్చుటకు గడువుగల మంచి సిద్ధయంత్రమును ప్రయత్నించి చూడవచ్చును. అంతవరకు కొడుకు మాటయు త్రోసివేయదగినది కాదు. లోపము అంతకు మించినచో, లేక సిద్ధయంత్రముతో “పాలు”, “కాలు” తేడా తెలియనిచో, భారత పునరావాస మండలిలో నమోదైన శ్రవణ నిపుణునిచే కొలిపించి అమర్చుకొనవలెను. ఎట్లు కొన్నను, శ్రవణరేఖ నకలు ఒకటి ఇంట భద్రముగా ఉంచుకొని, ఏటేట మరల పరీక్షించుకొని దానితో పోల్చి చూచుకొనుట మంచిది.